డిటెక్టర్ అరుస్తూనే ఉంది, నాణేలు దొరకడం లేదు

ప్రశ్న: పాత నాణేలు వెతకాలన్న ఇష్టంతో కొత్తగా మెటల్ డిటెక్టర్ కొన్నాను. మూడు వారాలుగా తిరుగుతున్నా తుప్పు మేకులు, సీసా మూతలు, రేకు ముక్కలే. ఇనుమును వదిలేసే సెట్టింగ్ పెడితే మోత తగ్గింది గానీ నాణెం జాడ లేదు. ఒక్కటంటే ఒక్క రాగి నాణెం దొరికింది, ఆకుపచ్చగా ఉంది. పులుపు పెట్టి తోమవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు నాణెం సంగతి చెప్తాను, మిషన్ సంగతి తర్వాతైనా చూసుకోవచ్చు. దయచేసి దాన్ని తోమకండి. చిలుము గట్టిపడి ఏర్పడిన ఆ పొరలోనే చాలాసార్లు అక్షరాలు నిలిచి ఉంటాయి. నాకు మొదట దొరికిన రాగి నాణేన్ని నేను అలాగే రుద్దాను. పది నిమిషాల్లో తళతళలాడింది. అంచు చుట్టూ ఉన్న రాత మాత్రం పొరతో పాటే పోయింది. చేతిలో నున్నటి రాగి బిళ్ల మిగిలింది. అది ఏ కాలానిదో ఇక ఎవరూ చెప్పలేరు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తబడిన మట్టిని చెక్కపుల్లతో మెల్లగా తీసి, బాగా ఆరబెట్టి దాచండి, చాలు.

ఇక మిషన్. దాని కింది చివర ఉండే తీగచుట్ట, అంటే కాయిల్, పంపే అయస్కాంత క్షేత్రం వల్ల నేలలోని లోహంలో చిన్న కరెంటు పుడుతుంది. దాని ప్రభావం తిరిగి కాయిల్‌కు అందుతుంది. తెర మీద పడే అంకె ఆ ప్రభావానిదే. కింద ఉన్నది నాణెమో కాదో మిషన్‌కు తెలియదు. పల్చటి బంగారు ఉంగరానికీ అల్యూమినియం రేకుకూ ఒకే అంకె రావచ్చు. ఇనుమును వదిలేయమంటే ఇంకో చిక్కు: మేకు పక్కనే నాణెం ఉంటే, రెండూ కలిసి ఇనుమే అనుకుని ఊరుకుంటుంది. మనుషులు చాలాకాలం మసిలిన చోట ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి కదా!

అందుకే మొదటి నెల ఆ సెట్టింగ్ తీసేయండి. రాగి నాణెం, వెండి ముక్క, మేకు, రేకు, వీటిని బెత్తెడు లోతున, మూరెడు దూరం దూరంగా పాతిపెట్టి వినండి. ఒక వైపు నుంచి ఊపి, పక్కకు తిరిగి అడ్డంగా మళ్ళీ ఊపండి. బల్లపరుపుగా ఉన్న నాణెం ఎటు నుంచైనా ఒకే స్వరం ఇస్తుంది. మేకు ఒకవైపు గట్టిగా పలికి, ఇంకోవైపు తెగి తెగి వినిపిస్తుంది. నేను కళ్ళు మూసుకుని సాధన చేసేదాన్ని. కాయిల్‌ను నేలకు దాదాపు ఆనించి ఊపండి. చివర్లలో పైకి లేపారంటే జానెడు లోతున ఉన్నది దొరకదు.

ఒంటి మీది లోహం, జేబులో ఫోన్ కూడా చూసుకోండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి పరికరమే తెచ్చాడు. తూటా జాడ తెలియలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అడ్డుపడ్డాయంటారు.

స్థల యజమాని అనుమతి లేకుండా ఎక్కడా వెతకొద్దు. రక్షిత కట్టడాల దగ్గర అస్సలు వద్దు. దొరికినవాటిని ఎవరికి చూపించాలో మీ చట్టం ఏం చెబుతోందో ముందే తెలుసుకోండి. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌నిలో ఎరిక్ లాస్ అనే ఆయన, ఒక రైతు పారేసుకున్న సుత్తి కోసం వెతుకుతుంటే రోమన్ నాణేలు బయటపడ్డాయి. ఆయన తవ్వడం ఆపేసి కబురు పెట్టాడు. పురావస్తు నిపుణులు వచ్చి జాగ్రత్తగా తీశారు కాబట్టే దాదాపు 15 వేల నాణేలు, నగలు, చెంచాలు ఏది ఎక్కడ సర్ది ఉందో తెలిసింది. నాకు ఆ నాణేల కంటే ఆయన ఆగిన ఆ క్షణమే గొప్పగా అనిపిస్తుంది.

మీ నాణెం దొరికిన చోటు గుర్తుందా? లోతు, తేదీ ఇవాళే రాసుకోండి. సెట్టింగ్ తీసేసి, ఆ గుంత చుట్టూ నాలుగు అడుగుల మేర, ఈసారి నింపాదిగా మళ్ళీ వినండి.