అలాయ్స్ వేయించే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక మెయిల్

అల్లుడికి,

నువ్వు కొన్న సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్ కారు ఫోటోలు చూశాను, బండి బాగుంది. దానికి చేయించాలని నువ్వు రాసిన లిస్టూ చదివాను: పదహారు అంగుళాల అలాయ్స్ (అల్లాయ్ చక్రాలు), హెడ్‌లైట్లకి పవర్ బల్బులు, చప్పుడు చేసే సైలెన్సర్, బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు, పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే రీమ్యాప్, సబ్‌వూఫర్, పైన మ్యాట్ గ్రే ర్యాప్ (రంగు ఫిల్మ్). వద్దని చెప్పడానికి రాయడం లేదు. నీ వయసులో బండి మీద మోజు లేకపోతేనే ఆశ్చర్యం. కాకపోతే క్లెయిమ్ వచ్చిన బండ్లు చూసే ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా విజయవాడ ఆటోనగర్ షెడ్లన్నీ తిరిగినవాణ్ని కదా, ఏది బిగిస్తే క్లెయిమ్ ఎక్కడ ఆగుతుందో నాకు ముందే కనిపిస్తుంది.

బ్రిటన్‌లో అయితే పాలసీ ఫారంలోనే అడుగుతారు, బండిలో ఏమేం మార్చావని. పైగా పాతికేళ్ల లోపు కుర్రాళ్లకి ప్రీమియం చూస్తేనే మోజు సగం దిగిపోతుంది. మన దగ్గర అలా కాదు. ఇరవై రెండేళ్లవాడికైనా అరవై ఏళ్లవాడికైనా థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం) రేటు ఒకటే. నీ బండిలాగా 1000 సీసీ దాటి 1500 లోపు ఉన్న కారుకి 2022 జూన్‌లో పెట్టిన రేటు ఏడాదికి 3,416 రూపాయలు. ఆన్‌లైన్‌లో రెన్యూ చేస్తే రెండు నిమిషాల పని. ఎవడూ ఏమీ అడగడు. నీలాంటి కుర్రాళ్లు పడేది సరిగ్గా ఇక్కడే. డబ్బు కట్టించుకునేటప్పుడు అడగని ప్రశ్నలన్నీ బండి గుద్దుకున్నాక అడుగుతారు.

నిజానికి ఆ ఫారంలో ఒక మూల యాక్సెసరీస్ విలువ రాయడానికి రెండు గడులు ఉంటాయి, ఎలక్ట్రికల్ ఒకటి, నాన్ ఎలక్ట్రికల్ ఒకటి. అందరూ ఖాళీగా వదిలేసి ముందుకెళ్లిపోతారు. నువ్వు మాత్రం వదలకు. 30,000 పెట్టి సబ్‌వూఫర్, ఆంప్లిఫయర్ పెట్టించావనుకో, పాత టారిఫ్ లెక్కన దాని మీద 4 శాతం, అంటే ఏడాదికి 1,200, పైన పన్ను. ఆ గడి ఖాళీగా ఉంటే, బండి పోయిన రోజు కంపెనీ లెక్కలో నీ సబ్‌వూఫర్ అసలు లేనట్టే. అలాయ్స్‌కీ ఇదే వర్తిస్తుంది. కంపెనీ రిమ్ముల విలువే పాలసీలో ఉంటుంది, నువ్వు వేసుకున్నవి వేరేగా రాయించుకోవాలి. బిల్లు జీఎస్టీతో తీసుకో. షెడ్డువాడు తెల్లకాగితం మీద రాసిచ్చింది చెల్లదు.

అలాయ్స్ సైజు దగ్గర కాస్త ఆగు. నీ బండికి ఇప్పుడు 185/65 ఆర్15 టైర్లు ఉన్నాయి కదా. 195/55 ఆర్16 వేస్తే చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే వస్తుంది, తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. స్పీడోమీటర్ తప్పు చూపించదు, బ్రేకుల ఏబీఎస్ లెక్క చెడదు. 17కి పోయి ఫెండర్ బయటికి పొడుచుకొచ్చేలా వేశావో, రోడ్డు మీద పోలీసుకీ నచ్చదు, తర్వాత సర్వేయర్‌కీ నచ్చదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది హెడ్‌లైట్లు. కంపెనీ బల్బు 60/55 వాట్లు. బయట దొరికే 100/90 బల్బు చవక, వెలుతురు ఎక్కువ, కుర్రాళ్లు అదే కొంటారు. ఎక్కువ కరెంటుకి వేరే దారి ఇచ్చే రిలే లేకుండా పాత వైరింగ్‌కే తగిలిస్తారు. తగలబడ్డ బండి దగ్గరికి వెళ్లినప్పుడు మేం మొదట చూసేది బానెట్ కింద వైర్లనే. బల్బు వెనక కప్లర్ తేనెరంగుకి తిరిగి మెత్తబడి ఉంటుంది, పిన్ను నల్లగా మాడి ఉంటుంది, ఎక్కడో ఒక చోట వైరు చెక్కేసి కలిపి నల్ల టేపు చుట్టి ఉంటుంది. అది కనిపించాక రిపోర్టులో ఏం రాస్తారో నీకు వేరే చెప్పక్కర్లేదు. మంట మొదలైంది సరిగ్గా నువ్వు బిగించిన చోటే అయితే, నేను సర్వేయర్‌గా ఉన్నా నీ తరఫున ఒక్క ముక్క రాయలేను. మంచి లైట్లు కావాలంటే మీ కారు కంపెనీ యాక్సెసరీల్లో దొరికేవి షోరూంలోనే పెట్టించు. ఖరీదు ఎక్కువే, కానీ బిల్లు ఉంటుంది, పని కూడా శుభ్రంగా ఉంటుంది.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అన్నారు. ఒక్కో మార్పుకి అన్నమాట గుర్తుంచుకో, నీ లిస్టు పొడుగ్గా ఉంది. ర్యాప్‌తో రంగు మారితే ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించుకో, తర్వాత ఆ కాపీ ఇన్సూరెన్స్ వాళ్లకి పంపి ఎండార్స్‌మెంట్, అంటే ఆ మార్పు పాలసీలో రాసిన కాగితం, తీసుకో. ఎప్పుడైనా సీఎన్‌జీ కిట్ వేయించినా ఇదే వరస, ముందు ఆర్సీ, తర్వాత పాలసీ. సైలెన్సర్ ఊసే ఎత్తకు, అది ఇన్సూరెన్స్ దాకా రాకముందే ట్రాఫిక్ వాళ్ల చేతికి చిక్కుతుంది. స్ప్రింగులు, రీమ్యాప్ కూడా మానేయమనే నా మాట. వాటికి ఎండార్స్‌మెంట్ ఇచ్చిన కంపెనీని నేనైతే చూడలేదు.

చెప్పడమంటే ఫోన్‌లో ఏజెంటుకి చెప్పడం కాదు. వాడు "పర్లేదు సార్, ఏం కాదు" అంటాడు. క్లెయిమ్ రోజు వాడి ఫోన్ మోగుతూనే ఉంటుంది. పాలసీ నంబరు, బిల్లులు, నాలుగు వైపులా ఫోటోలు పెట్టి కంపెనీకే మెయిల్ చెయ్యి. వాళ్లు పాలసీలో రాసి పంపేదాకా వదలకు. అంతా సరిగ్గా చెప్పినా క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల దాటినా పని కాకపోతే హైదరాబాద్‌లోనే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తీర్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. అక్కడ నీ తరఫున మాట్లాడేది ఆ మెయిలే.

ఇవన్నీ తర్వాత. బండి నీ పేరు మీదికి మారి ఎన్ని రోజులైంది? కొన్న 14 రోజుల్లోపు పాలసీ కూడా నీ పేరు మీదికి మార్చమని కంపెనీకి రాయాలి. లేకపోతే థర్డ్ పార్టీ నీకు వస్తుంది కానీ, సొంత బండి డ్యామేజీకి నువ్వు అడిగితే "మీరెవరు" అంటారు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అతనిదే, బండితో పాటు నీకు రాదు. రెన్యువల్ పేజీలో ఆ 35 శాతమో 45 శాతమో డిస్కౌంట్ దానంతటదే కనిపిస్తుంది, ఆశపడి ఉంచుకోకు. అది అబద్ధం చెప్పి తీసుకున్నట్టే లెక్క, క్లెయిమ్‌లో మొదట పట్టుకునేది అదే.

పాలసీ, ఆర్సీ రెండూ వాట్సాప్‌లో పంపు, ఈ ఆదివారం కూర్చుని మెయిల్ రాసిపెడతాను. మీ అమ్మకి మాత్రం రీమ్యాప్ అనే మాట చెవిన పడనీయకు.

మీ మామయ్య