మిషన్‌కు పోతే మగతనం పోతదా సార్?

ప్రశ్న: నమస్తే సార్. నాకు 41 ఏండ్లు. ఎనుమాముల మార్కెట్ల దడ్వాయి పని చేసేటోణ్ణి, ఇప్పుడు ఇంటికాడనే ఉంటున్న. పదేండ్ల సంది షుగర్, బీపీ ఉన్నయి. కిడ్నీలు ఖరాబైనయని 14 నెలల కింద డయాలసిస్ మొదలువెట్టిండ్రు. సోమ, బుధ, శుక్రవారాలు పోతున్న. ఏడాది సంది భార్యతోని కలవలేకపోతున్న. కోరిక ఉంటది గాని అంగం గట్టిపడది. ఈ మధ్య కోరిక కూడ తగ్గింది. ఆమె ఏమనది, పిల్లల పక్కకు పోయి పండుకుంటాంది. నెత్తురు మిషన్లకు పోయి వచ్చేటప్పుడు మగతనం కూడ పోతదని పక్క బెడ్డాయన అన్నడు. తెలిసినాయన భస్మం ఇచ్చిండు, పాలల్ల కలుపుకొని తాగుమన్నడు. తాగొచ్చునా? మెడికల్ షాపుల దొరికే గోళీ వేసుకోవచ్చునా? మాకు ఇద్దరు పిల్లలు, ఇగ వద్దనుకున్నం. పేరు వెయ్యకుండ్రి.
– పరకాల దగ్గరి ఊరి పాఠకుడు

జవాబు: ముందు ఆ భస్మం సంగతి. పాలల్లో ఇంకా కలపకుంటే పొట్లం అట్లాగే ఉంచండి. కలిపితే పారబోయండి. ఇలాంటి పొట్లాల్లో సీసం, పాదరసం వంటివి ఉండొచ్చు. పనిచేసే కిడ్నీలనే అవి దెబ్బతీస్తాయి, ఇక మీ ఒంట్లోంచి అవి బయటికి పోయే దారేది? ఇంకో మోసం కూడా ఉంది. ‘బలం పొడి’ అని అమ్మే కొన్నింట్లో మెడికల్ షాపు గోళీలో ఉండే మందునే చెప్పకుండా కలుపుతారు. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు.

పక్క బెడ్డాయన మాట పట్టించుకోకండి. నాలుగు గంటలు మిషన్ తిరిగినా, ఏ నిమిషంలో చూసినా ఒంటి బయట ఉండే నెత్తురు పావు లీటరు, అటూ ఇటూ. అదీ మళ్లీ మీలోకే వస్తుంది. మగతనం వడపోతలో పోయే వస్తువు కాదు. మిషన్ ఎక్కకముందే, కిడ్నీ జబ్బు ముదురుతున్నప్పుడే ఈ ఇబ్బంది మొదలైనవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు.

అంగం గట్టిపడటమంటే అక్కడికి నెత్తురు పారటమే. ఆ రక్తనాళాలు 1, 2 మిల్లీమీటర్ల సందువి. కాకతీయ కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి మడే కదా, ఇదీ అంతే. పదేళ్ల షుగర్, బీపీ మీ కిడ్నీలోని సన్న నాళాలను ఎట్లా పాడుచేశాయో వీటినీ, వీటి పక్కన నరాలనూ అట్లాగే పాడుచేశాయి. గుండె నాళాలు కొంచెం పెద్దవి కాబట్టి వాటి దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే ఇట్లా చెప్పినవాళ్లందరికీ నేను ముందు గుండె పరీక్ష చేయిస్తాను. మీరూ ఈసీజీ, ఎకో చేయించుకోండి.

కోరిక తగ్గటం వేరే లెక్క. కిడ్నీలు పనిచేయనప్పుడు మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పడిపోతుంది, కోరికను తగ్గించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ బయటికి పోక పేరుకుంటుంది. దానికి తోడు నెత్తురు తక్కువ. హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఉన్న మనిషి మెట్లెక్కటానికే ఆయాసపడతాడు, ఇంక మిగతా సంగతి ఏం చెప్పాలి? డయాలసిస్ అయ్యాక వేసే నెత్తురు పెరిగే ఇంజెక్షన్‌ను ‘ఈసారికి వద్దులే’ అని దాటేస్తున్నారా? దాటేయకండి.

తర్వాత మీ గోళీల సంచి. అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ గోళీలతో, స్పిరనోలాక్టోన్‌తో కొందరికి ఈ ఇబ్బంది పెరుగుతుంది. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ ప్రొలాక్టిన్‌ను ఇంకా పెంచుతుంది. ఇది చదివి సొంతంగా ఏదీ ఆపేయకండి, బీపీ గోళీ ఉన్నట్టుండి మానితే గుండెకే మోసం. సంచి మొత్తం తీసుకెళ్లి డాక్టరు ముందు కుమ్మరించండి. మార్చగలిగింది ఆయన మారుస్తారు.

ఇక షాపులో దొరికే గోళీ, సిల్డెనాఫిల్. డయాలసిస్ వాళ్లకూ చాలామందికి పనిచేస్తుంది. కానీ షాపువాళ్లు చేతిలో పెట్టేది 50, 100. మీకు మొదలుపెట్టాల్సింది 25 మిల్లీగ్రాములతో, అదీ డాక్టరు చీటీ మీద. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి వాడుతుంటే దీన్ని ముట్టనే వద్దు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. బీపీకి ప్రాజోసిన్ వేసుకుంటుంటే ఆ సంగతీ ముందే చెప్పండి. డయాలసిస్ రోజు నీళ్లు తీస్తారు, బీపీ ఎట్లాగూ దిగుతుంది. కాబట్టి సోమ, బుధ, శుక్రవారాల్లో ఈ గోళీ వేసుకోకండి. మటన్ కూర దండిగా తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. వేసుకోగానే దానంతట అదే లేస్తుందనీ అనుకోకండి, మనసు కూడా అటు పోవాలి. ఊళ్లో సూది వేసే ఆయన దగ్గర మగ హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. పొద్దున తీసిన నెత్తురు పరీక్షలో తక్కువని తేలితేనే దాని మాట.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆమె పిల్లల పక్కకు పోయి పడుకుంటోందన్న వాక్యం. ఆమెకు మీ మీద కోపమని మీరు అనుకుంటున్నారేమో. ఫిస్టులా చెయ్యి, అంటే డయాలసిస్ సూదులు గుచ్చటానికి ఆపరేషన్ చేసి నాళాలు కలిపిన చెయ్యి, ఝుమ్మంటుంటే దానికి తగలాలంటేనే భయమేస్తుందని నాతో చెప్పిన ఇల్లాళ్లు ఉన్నారు. కలిస్తే భర్తకు ఏమన్నా అవుతుందేమోనని ఇంకొందరికి గుబులు. ఆ చేతి మీద బరువు పడకుండా చూసుకుంటే చాలు. ఒకసారి ఆమెను వెంట తీసుకెళ్లండి, డాక్టరు నోటి నుంచే విననివ్వండి.

కిడ్నీ మార్పిడి అయ్యాక చాలామందికి ఇది మెరుగవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొంచెం తక్కువ. చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకు ఇప్పించే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోకుంటే అది కూడా అడగండి. మార్పిడి తర్వాత పిల్లలు పుట్టే శక్తి కూడా తిరిగి రావచ్చు. వద్దనుకున్నారు కాబట్టి అప్పుడు జాగ్రత్త.

మా డాక్టర్ల తప్పూ ఒకటి ఉంది. ఉప్పెంత తిన్నావు, నీళ్లెన్ని తాగావు, కాళ్లు ఉబ్బాయా అని అన్నీ అడుగుతాం, ఇది అడగం. నేనూ చాలా ఏళ్లు అడగలేదు. బెడ్డు పక్కన బెడ్డు, మధ్యలో తెర కూడా ఉండదు, అడిగినా ఎవరు చెబుతారు? చీటీ తీసుకుని, బయట చెప్పులేసుకుంటూ ‘సార్, ఇంకొకటి…’ అని ఆగిపోయినవాళ్లను చూశాకే నాకు తెలివొచ్చింది. రేపు మిషన్ మీద ఉన్నప్పుడు కాకుండా, ఓపీలో చెప్పండి. నోరు రాకపోతే ఈ పేజీ చింపి గోళీల సంచిలో పెట్టి ఇవ్వండి.