కథలో పనమ్మాయి తన గుట్టు దాచగలదా?

నమస్కారమండీ. 1630 నాటి ఇంగ్లండ్ పట్టణంలో పెళ్లికాని పనమ్మాయి గర్భవతై, బిడ్డ తండ్రి పేరు చివరిదాకా దాచిందని రాస్తే నమ్ముతారా అని అడిగారు. దాచొచ్చు, కానీ ప్రసవం గదిలో ఆ గుట్టు నిలబడటం చాలా కష్టం. మీరు వదిలేసిన ఆ సీన్‌లోనే కథకు ప్రాణం ఉంది.

నొప్పులు ముదిరాక మంత్రసాని, చుట్టూ చేరిన ఆడవాళ్లు "తండ్రెవరో చెప్పు, లేదంటే చెయ్యి వెయ్యం" అని గుచ్చి గుచ్చి అడిగేవారు. అది ఉత్త కుతూహలం కాదు. తండ్రి తేలకపోతే బిడ్డ పోషణ పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) మీద, అంటే పన్ను కట్టే ఇరుగుపొరుగు మీదే పడుతుంది. తేలితే 1576 చట్టం కింద ఇద్దరు న్యాయాధికారులు అతనిచేత వారం వారం డబ్బు కట్టించవచ్చు. తల్లినైతే 1610 చట్టం కింద ఏడాదిపాటు దిద్దుబాటు గృహానికి, అంటే పని చేయించే జైలులాంటి చోటికి పంపవచ్చు. ఎంత అన్యాయమో చూడండి.

పుకారు అంతకుముందే మొదలవుతుంది. ఊరంతా అనుకుంటోందన్న మాట చాలు, చర్చి వార్డెన్లు (చర్చి వ్యవహారాలు చూసే స్థానికులు) ఆమెను నడవడి తప్పులు విచారించే చర్చి కోర్టుకెక్కించడానికి. నేరం రుజువైతే తెల్లదుప్పటి కప్పుకుని జనం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. అయితే నోరు జారిన పొరుగావిడ మీద పరువునష్టం దావా కూడా అక్కడే వేయొచ్చు. యజమానే తండ్రైతే అతనిచేత ఆ దావా వేయించండి, కథ బిగుస్తుంది.

బిడ్డ చనిపోయి పుట్టినట్టు మాత్రం తొందరపడి రాయకండి. 1624 చట్టం ప్రకారం పెళ్లికాని తల్లి బిడ్డ మరణాన్ని దాచితే హత్య కిందే లెక్క. చనిపోయే పుట్టిందని చెప్పడానికి ఒక్క సాక్షయినా ఉండాలి. ఆ గదిలో ఎవరున్నారో ముందే తేల్చుకోండి.