సెలెక్షన్ ప్రోగ్రామా, ఇంటి దగ్గరి హైస్కూలా?

చి.సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రోగ్రామ్‌లో పిల్లకి సీటు వచ్చిందన్న సంతోషం కన్నా, అక్కడికి పంపాలా ఇంటి దగ్గరి హైస్కూలుకా అన్న టెన్షనే నీ ఉత్తరంలో ఎక్కువ కనిపించింది. లెక్కల మాస్టారినని నన్నడిగావు. ఈ విషయంలో నేనూ ఒకసారి బోల్తా పడ్డవాణ్నే.

మీ చిన్నన్నయ్యని పరీక్ష రాయించి అలాంటి క్లాసులోనే చేర్పించాను. అంతవరకు ఫస్టు వచ్చేవాడు, అక్కడ ఎక్కడో మధ్యలో పడ్డాడు. మార్కులు పెద్దగా తగ్గలేదు గానీ, ‘నాకు లెక్కలు రావు’ అనడం మొదలుపెట్టాడు. మాస్టారి కొడుకు! చుట్టూ ఉన్నవాళ్లను బట్టి పిల్లలు తమను తాము అంచనా వేసుకుంటారని హెర్బర్ట్ మార్ష్ అనే సైకాలజిస్టు 1980లలోనే రాశాడు. నాకది ఆలస్యంగా తెలిసింది.

పేరున్న చోట చేరితే చదువు దానంతట అదే వస్తుందనీ అనుకోకు. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో పరీక్ష పెట్టి చేర్చుకునే స్కూళ్ల మీద ఆర్థికవేత్తల పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. కటాఫ్ కొద్దిలో దాటినవాళ్లకీ, కొద్దిలో తప్పినవాళ్లకీ తర్వాతి పరీక్షల స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అది అంచున ఉన్న పిల్లల లెక్క. మనమ్మాయి కటాఫ్‌కి ఎంత పైన ఉందో నువ్వు రాయలేదు.

ఇంటి దగ్గరి స్కూలుకి వెళ్లి, చివరి రెండేళ్లలో లెక్కలు, సైన్సు ఎంతవరకు చెబుతారో కనుక్కో. తను ఇప్పుడే ఆ పాఠాల దాకా వచ్చేసి ఉంటే అక్కడ విసిగిపోతుంది, ప్రోగ్రామ్‌కే పంపు. అలా కాకపోతే తొందరేం లేదు.

ప్రోగ్రామ్ వాళ్లని మాత్రం మొహమాటం లేకుండా అడుగు: మధ్యలో ఎంతమంది మానేస్తున్నారు, మానేస్తే ఎక్కడికి వెళ్తున్నారు? అది ఐబీ డిప్లొమా (ఇంటర్నేషనల్ బాకలారియెట్ అనే అంతర్జాతీయ కోర్సు) అయితే ఆరు సబ్జెక్టులకు తోడు నాలుగు వేల పదాల దాకా వ్యాసం కూడా రాయాలి. దాని మీద రోజూ దూర ప్రయాణమంటే ముందు కోత పడేది నిద్రకే. ఆ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. బస్సు ఎన్నింటికో చూసి వెనక్కి లెక్కేసుకో.

స్కూళ్లవాళ్లు ఒప్పుకుంటే పిల్లని రెండు చోట్లా ఒక్కో రోజు క్లాసులో కూర్చోబెట్టు. ఇంటికొచ్చాక ‘ఎలా ఉంది?’ అనకు, ‘బాగుంది’ అని ఊరుకుంటారు. మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తిన్నావు, ఏ క్లాసులో టైము తెలియలేదు అని అడుగు. తనేమందో నాకు రాయి. ఈలోగా సీటు ఒప్పుకోవడానికి చివరి తేదీ దాటిపోకుండా చూసుకో.

మీ పెదనాన్న