దూలగొండి పొడి కోసం బాపు మాత్రలు ఆపొచ్చా? – సమాధానం
అన్నా, హన్మకొండలో మీ బాపుకి పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) మాత్రలు నడుస్తున్నాయి, ఎలుకల మీద దూలగొండి పనిచేసిందని ఒకాయన చెప్పారు, మాత్రలు మానేసి ఆ పొడి పెట్టాలా అని అడిగారు కదా. ముందైతే మాత్రలు ఆపకండి. ఆ మాత్రల్లో ఉండే లెవోడోపా అనే మందు ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. దూలగొండి గింజల్లో ఉన్నది కూడా లెవోడోపానే. అంటే బాపు వేసుకునే మందే, కాకపోతే కొలత లేకుండా. మాత్రలో వాంతులు రాకుండా కార్బిడోపా కలుపుతారు, పొడిలో అది ఉండదు. రెండూ కలిపి వాడితే డోసు ఎక్కువైపోతుంది.

ఇక ఎలుకల సంగతి. వాటికి ఈ జబ్బు మనలా రాదు. చిట్టెలుకలకు ఎంపీటీపీ అనే విషం ఎక్కించి కొద్ది రోజుల్లోనే మెదడులో డోపమైన్ (కదలికలను నడిపే రసాయనం) తయారుచేసే కణాలను చంపుతారు. (1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్నవాళ్లు కొయ్యబారిపోతే బయటపడిన విషం ఇది.) చాలాసార్లు పరీక్షించే మందును విషం కంటే ముందే ఇస్తారు. మనిషికి వణుకు కనబడేసరికే ఆ కణాలు చాలా వరకు పోయి ఉంటాయి. క్రియాటిన్ అనే ఇంకో పదార్థం ఇలాగే ఎలుకలను కాపాడింది. తీరా 1,741 మంది రోగులతో పరీక్ష పెడితే లాభం కనబడక 2013లో ఆపేశారు.

పొడి మీద అంత మనసుంటే డబ్బా తీసుకెళ్లి న్యూరాలజిస్టుకే చూపించండి. మాత్ర సరిగా పట్టడం లేదనిపిస్తే, అన్నానికి అరగంట ముందు వేయొచ్చా అని కూడా అడగండి. పప్పు, గుడ్డు, మాంసంతో కలిస్తే అది సరిగా ఎక్కదు.