డ్యూటీ దిగే టైంలో నర్సులు పేషెంట్ల మీద ఎందుకు విసుక్కుంటారు?

తిరుపతిలో వార్డు నర్సుగా చేస్తన్నా కాబట్టి చెప్తా. మాకు నైట్ అంటే రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా, 12 గంటలు. చివర్లోనే అసలు పని, ఇంజెక్షన్లు, బీపీ, షుగర్, యూరిన్ ఎంతొచ్చిందో చార్టులో ఎక్కించడం, ఇవన్నీ అయినాక వచ్చే సిస్టర్‌కి ఒక్కో బెడ్డు చూపించి అప్పజెప్పాల, అక్కడ ఒక్క మాట మిస్సయితే ఒకే మందు రెండుసార్లు పడిపోవచ్చు.

సరిగ్గా అప్పుడే, రాత్రంతా గమ్మునున్న పెద్దాయన "సిస్టరమ్మా, నిన్న మద్యాన్నం నుంచి గుండెల్లో పట్టేసినట్టుందిమా" అంటాడు. నిన్నట్నుంచా! ఈసీజీ తీసి, డాక్టర్ని పిలిచి, అంతా రాసేసరికి నా పీలేరు బస్సు పోయుంటుంది. అయినా అది కోపం కాదు, భయం.

నిజంగా మండేది వేరే. బాత్రూంకి తనే నడిచిపోయొచ్చే మనిషి ఏడుముక్కాలుకి ఫ్యాన్ తగ్గించమని పిలవడం, ఒకే పేషెంటు తాలూకు నలుగురొచ్చి ఒకే ప్రశ్న విడివిడిగా అడగడం. ఒకామె కొండకి పోయొచ్చి నా చేతిలో లడ్డు పెట్టి "మా నాయనకి షుగర్ ఎందుకు తగ్గలా" అనింది, చూస్తే ఆయన మూతికీ లడ్డు పొడే.

నొప్పి, ఆయాసం, రక్తం కారడం లాంటివైతే ఏ టైమైనా సరే పిలవండి. డిశ్చార్జి, బిల్లు సంగతులు మాత్రం డే డ్యూటీ వాళ్లనడగండి.