గేటు బయట ఆగిన లారీ

ప్రశ్న: నాయుడుపేట దగ్గర ఒక పెద్ద యంత్రభాగాల కర్మాగారంలో కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. కోయంబత్తూరు నుంచి పోత భాగాలు, విశాఖ నుంచి ఉక్కు, చెన్నై నుంచి చిన్న విడిభాగాలు వస్తాయి. ధరలు దాదాపు అన్నీ రవాణాతో కలిపే ఉంటాయి. రవాణా ఖర్చు పెరుగుతోందని, లారీ కంపెనీలను మార్పించమని పైవారు అంటున్నారు. నెలాఖరులో గేటు బయట లారీలు బారులు తీరుతాయి. నెల మధ్యలో భాగాలు లేక లైను ఆగుతుంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే ఎవరినీ మార్చకండి. ముందు ఒక వారం నోటుపుస్తకంతో గేటు దగ్గర నిలబడండి.

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను ఎక్కువగా చూసింది కర్మాగారానికి వచ్చే సరుకునే. చేరిన ఏడాదే మా అధికారి ఒక నోటుపుస్తకం చేతికిచ్చి నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు. లారీ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు లోపలికి వదిలారు, ఎప్పుడు కాటా ఎక్కింది, దించడం ఎప్పుడు మొదలైంది, ఖాళీ బండి ఎప్పుడు బయటపడింది: ఈ ఐదు సమయాలు రాయాలి. రెండు గంటల్లో సరుకు దించిన లారీ మా దగ్గర ముప్ఫై గంటలు ఉందని అప్పుడు తెలిసింది. మిగతా కాలమంతా ఒక సంతకం కోసం, నాణ్యత విభాగం నమూనా తీసుకోవడం కోసం, భోజనానికి వెళ్లిన క్రేన్ ఆపరేటర్ కోసం గడిచిపోయింది.

అదే కర్మాగారానికి బొగ్గు రైల్లో వచ్చేది. రేక్ (గూడ్సు బండి) మా సైడింగులోకి, అంటే సరుకు దించే పట్టాల మీదికి వచ్చిందంటే అర్ధరాత్రి అయినా అందరం పరుగెత్తేవాళ్లం. ఉచిత గడువు దాటితే రైల్వే వ్యాగనుకు ఇంత, గంటకు ఇంత అని డెమరేజి, అంటే ఆలస్యపు రుసుము వేస్తుంది. ఆ బిల్లుకు మేమే జవాబు చెప్పాలి. లారీ డ్రైవరు అలాంటి బిల్లు పంపడు కనుక అతన్ని ఎండలో నిలబెట్టాం. కానీ లారీ యజమాని బండి వాయిదా కట్టాలి కదా! నెలకు ఎనిమిది ట్రిప్పులు తిరగాల్సిన బండి ఐదే తిరిగితే, పోయిన మూడింటి డబ్బును ఆ ఐదింటి కిరాయిలోనే రాబట్టుకుంటాడు. మీ పైవారు చూస్తున్న పెరుగుదలలో ఇది ఎంతో కొంత తప్పకుండా ఉంటుంది. కొత్త లారీ కంపెనీ వచ్చినా రెండు నెలల్లో అదే రేటు చెబుతుంది.

ఆలస్యంలో ఇంకో చిక్కు ఉంది. 2021 జనవరి నుంచి ఈ-వే బిల్లుకు (జీఎస్‌టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) మామూలు సరుకు విషయంలో 200 కిలోమీటర్లకు ఒక రోజే గడువు. పొడిగించాలంటే గడువు తీరడానికి ముందు ఎనిమిది గంటలు, తీరాక ఎనిమిది గంటలు మాత్రమే వీలు. మీ గేటు బయట ఆగిన బండికి ఆ గడువు దాటిపోతే బాధ్యత ఎవరిదన్న గొడవ మొదలవుతుంది.

ఇక నెలాఖరు రద్దీ. సరఫరాదారులు ఆ నెల అమ్మకాల లెక్క నింపుకోవడానికి చివరి నాలుగు రోజుల్లో ఇన్వాయిసులు వేసి పంపేస్తారు. రవాణాతో కలిపి ధర ఇచ్చినంత కాలం బండి వారిది, బయలుదేరే తేదీ వారిది. అందుకే కొటేషన్‌లో సరుకు ధర వేరుగా, కిరాయి వేరుగా చూపించమని అడగండి. కొందరు మొండికేస్తారు. పట్టు వదలకండి. కిరాయి కంటికి కనబడనిదే దాని గురించి బేరం చేయలేరు.

అలాగని అంతా మీ చేతుల్లోకి తీసుకోవద్దు. ఉక్కు, పోత భాగాలు నిండు లోడుగా వస్తాయి. వాటిని దించే రోజు, గంట ముందే కేటాయించి, ఆ మాటకు మీరు కట్టుబడితే చాలు. మీరు తీసుకోవలసింది చెన్నై దారి. పదిమంది సరఫరాదారులు పది సగం ఖాళీ బండ్లు పంపే బదులు, డెయిరీ వ్యాను ఊరూరా క్యాన్లు ఎత్తుకున్నట్టు మీ బండే రోజూ ఒక చుట్టు తిరిగి, ఆ రోజుకు కావలసినంతే తెస్తుంది. వెళ్లేటప్పుడు ఖాళీ ట్రేలు తిరిగి ఇస్తుంది. టయోటా వంటి కార్ల కంపెనీలు దీన్నే మిల్క్ రన్ అంటాయి. అయితే బండి మీదైతే దారిలో సరుకు బీమా మీ బాధ్యత అవుతుంది. బండిని కిరాయికి మాట్లాడుకుంటే ఆ కిరాయిపై జీఎస్‌టీని కూడా చాలా సందర్భాల్లో రవాణాదారు బదులు మీ కంపెనీయే కట్టాలి. మీ అకౌంట్స్ వారితో ముందే మాట్లాడండి.

చివరగా ఒక మాట అడుగుతున్నాను. గేటు పక్కన లారీలు ఆగడానికి కొంత స్థలం, రెండు మరుగుదొడ్లు, స్నానానికి ఒక కుళాయి ఏర్పాటు చేయించండి. మూడు రోజులు బండి నడిపి వచ్చిన మనిషి మీ ప్రహరీ పక్కన బకెట్టు నీళ్ల కోసం వెతుక్కోకూడదు. అనుమతి అడగడానికి వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం తీసుకెళ్లండి.